డిశ్చార్జికి ముందు



అత్యవసర రోగుల్ని చూసే ఏఎంసీ వార్డులో హౌస్ సర్జన్‌గా చేస్తున్న నైట్ డ్యూటీల గురించి నువ్వు రాసిందంతా చదివాను. "పురుగుమందు తాగి వచ్చినవాళ్ల ప్రాణం నిలబెట్టడం వరకే మన పని, మిగతాది సైకియాట్రీ వాళ్లు చూసుకుంటారు" అని మీ పీజీ డాక్టరు అన్నారట. అందులో సగమే నిజం తల్లీ. రెఫరెన్సు రాసిస్తే వెళ్లేది కొందరే. "పిల్లకు పిచ్చి అనుకుంటారు, పెళ్లి కాదు" అని ఇంటివాళ్లు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఊరి బస్సెక్కేస్తారు. ఆ మనిషికి దొరికిన డాక్టరువి నువ్వొక్కదానివే కావచ్చు.

ఓపీలోనూ ఇదే సంగతి. ఆత్మహత్యతో పోయినవాళ్లలో దాదాపు సగం మంది చివరి నెల రోజుల్లో ఎవరో ఒక మామూలు డాక్టరును కలిసినవాళ్లేనని ఎక్కువగా పాశ్చాత్య దేశాల పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్షలో 2002లో తేలింది. చావాలనుందని వాళ్లు చెప్పరు. నిద్ర పట్టడం లేదంటారు, గుండె దడ అంటారు, అన్నం సయించడం లేదంటారు. మనం బలానికి మాత్రలు రాసి పంపేస్తాం. డయాలసిస్ రోగి, తాగుడు మానలేక లివరు చెడినవాడు, పచ్చి బాలింత: వీళ్ల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండు.

చావు ఆలోచన గురించి రోగిని ఎలా అడగాలన్నావు. పక్కన భర్తో అత్తో ఉంటే మంచం మీది పిల్ల నోరు విప్పదు. వాళ్లను కాసేపు బయట కూర్చోమని, నువ్వు స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చో. ముందు నిద్ర, తిండి, అప్పులు, ఇంటి సంగతులు అడుగు. తర్వాత "ఇంత కష్టంలో బతకాలని లేదనిపించిందా?" అను. అవునంటే "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఇప్పటికీ ఉందా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్న భయం పెట్టుకోకు. అలా జరగదు. అడిగాక తొందరపెట్టకు, చెప్పనివ్వు. పిల్లల మొహం చూసైనా బతకాలి కదా అంటూ నీతులు మొదలుపెడితే ఆ నోరు మళ్లీ తెరుచుకోదు. ఆలోచన ఉందంటే క్షణం కూడా ఒంటరిగా వదలకు. మంచాన్ని సిస్టర్ల బల్లకు దగ్గరగా మార్పించు, అదే రోజు సైకియాట్రీ డాక్టరును వార్డుకే పిలిపించు.

ఎమ్మెల్సీ, అంటే మెడికో-లీగల్ కేసు అనగానే ఇంటివాళ్లు కేసుకు భయపడి "పొరపాటున తాగింది" అంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలంటుంది. శిక్ష కాదు, వైద్యం అందాలంటుంది. ఈ సంగతి వాళ్లకు నువ్వే చెప్పు. వార్డులో ఎవరైనా ఆ రోగిని ఎగతాళి చేస్తే ఊరుకోకు.

ఇక డిశ్చార్జి. చెన్నైతో సహా 5 దేశాల్లోని 5 నగరాల్లో, ఆత్మహత్యకు ప్రయత్నించి ఎమర్జెన్సీకి వచ్చిన 1,867 మందితో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అధ్యయనం చేసింది. సగం మందికి మామూలు వైద్యమే అందింది. మిగతావాళ్లతో అదనంగా ఒక గంట కూర్చుని మాట్లాడి, 18 నెలల్లో 9 సార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో పలకరించారు. ఆ గడువులో ఆత్మహత్యతో పోయినవాళ్లు మొదటి గుంపులో 2.2 శాతం, రెండో గుంపులో 0.2 శాతం. అలా పలకరించడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. పంపేముందు ఇంటి మనిషిని కూర్చోబెట్టి, పురుగుమందు ఇంట్లో ఉంచొద్దని, మాత్రలు తమ దగ్గరే పెట్టుకోవాలని చెప్పు. నిద్రమాత్రలు నెలకు సరిపడా ఒకేసారి రాయకు. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడొచ్చని చెప్పి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసివ్వు. వారం తిరక్కముందే నువ్వో సిస్టరో ఫోన్ చేయండి.

స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1983-84లో మామూలు డాక్టర్లందరికీ డిప్రెషన్‌ను గుర్తుపట్టడం నేర్పారు. ఆత్మహత్యలు తగ్గాయి. కొన్నేళ్లకు వాళ్లలో సగం మంది దీవి వదిలి వెళ్లాక మళ్లీ పెరిగాయి. అందుకే చెబుతున్నాను, నీ పోస్టింగు అయిపోయేలోపు నీ వెనక వచ్చే హౌస్ సర్జన్లను మంచం దగ్గరికి తీసుకెళ్లి, చావు ఆలోచన గురించి ఎలా అడగాలో నేర్పించు.

మీ పెదనాన్న