రన్నింగ్ బోర్డు గరుకు

శ్రీనూ,

బండి డోర్ల కింద ఉండే రన్నింగ్ బోర్డుకు రంగు షేడు అచ్చంగా కలిసినా, బాగు చేసిన చోటు అతుకు వేసినట్టు తేలిపోతోందని రాశావు. ఖరీదైన అండర్‌కోటింగ్ గన్ కొంటే తీరుతుందా అని అడిగావు. కొనుక్కో, వద్దనను. కానీ నీ చిక్కు గన్నుతో వచ్చింది కాదు. తేడా బోర్డు మీది గరుకులో ఉంది. కంపెనీలో రేకు మీద వరసగా పడిన పొరలన్నీ కలిసి ఆ గరుకును తయారుచేశాయి. చక్రాల నుంచి ఎగిరే రాళ్లకు రంగు పెచ్చులూడకుండా వేసిన సాగే కోటింగ్ అడుగున ఉంటే, దాని మీద రంగు, ఆపైన క్లియర్ కోటు ఉంటాయి. మన కంటికి కనిపించేది ఇవన్నీ పడ్డాక మిగిలిన ఎత్తుపల్లాలే. నువ్వేమో కోటింగ్ కొట్టిన వెంటనే, అది తడిగా ఉండగానే, పాత గరుకుతో పోల్చి సరే అనుకుంటున్నావు. పోల్చాల్సింది అప్పుడు కాదు, ఆఖరి కోటు ఆరాక.

మధ్యలో ఏం జరుగుతుందో చూడు. ఆరుతున్నకొద్దీ కోటింగ్‌లోని ద్రవం ఎగిరిపోయి గరుకు గింజ కుంగుతుంది. దాని మీద ప్రైమర్ మందంగా కొడితే గుంటలు పూడతాయి. క్లియర్ పడేసరికి గింజల అంచులు మొద్దుబారతాయి. అంటే తడి మీద సరిగ్గా కలిసిన గరుకు, పని పూర్తయ్యేసరికి పాతదానికంటే నునుపుగా తేలుతుంది. మెటాలిక్ రంగులో ఇంకో తిరకాసు ఉంది. రంగులోని అల్యూమినియం పొడి గింజ వాలును బట్టి పడుకుంటుంది కాబట్టి, గరుకు మారితే వెలుగు తిరిగి వచ్చే తీరు మారి, రంగే తేడాగా కనబడుతుంది. షేడు తప్పిందనుకుని టింటర్లు కలుపుతూ పొద్దుపుచ్చే షెడ్లు చాలా ఉన్నాయి. అక్కడ తప్పు చాలాసార్లు డబ్బాలో ఉండదు.

కనుక ముందు బండి జోలికి పోకు. పాత డోరు ముక్కో, పనికిరాని రేకో తీసుకుని బండికి ఏ పొరలు వేయబోతున్నావో అవన్నీ దాని మీద వేసి ఆరనివ్వు. ప్రెషర్ తగ్గిస్తే చుక్క లావుగా పడి గరుకు పెరుగుతుంది, పెంచితే సన్నబడుతుంది. దగ్గర నుంచి కొడితే తడి ఎక్కువై గింజలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. దూరం జరిగితే సగం ఆరి పడి పొడిపొడిగా నిలుస్తాయి. ఒకసారికి ఒకటే మార్చు, మార్చింది రేకు వెనక రాసిపెట్టు. పోల్చే ముందు బండి మీది పాత గరుకును బ్రష్షుతో కడుగు. గుంటల్లో దుమ్ము, పాలిష్ పేరుకుని ఉంటే అది నునుపుగా కనిపించి నిన్ను మోసం చేస్తుంది. ఎదురుగా లైటు పెట్టి చూస్తే తేడా తెలియదు. టార్చి పక్కనుంచి, రేకుకు దాదాపు ఆనించి వెయ్యి, గింజల నీడలు బయటపడతాయి.

రోజుకు ఇన్ని బళ్లు దించాలంటే ఇదంతా ఎక్కడ కుదురుతుంది, డోరు కింద ఎవడు వంగి చూస్తాడు అంటావు. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాడు వంగి చూస్తాడు. తెలిసినవాడైతే రన్నింగ్ బోర్డు మీద వేలు రాసి మరీ చూస్తాడు. గరుకు మారిన చోట దెబ్బ తగిలిందని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. టైమంటావా, ట్రయల్ రేకు ఆరేలోపు ఇంకో బండికి పుట్టీ పని చేసుకోవచ్చు. బోర్డంతా గీకి మళ్లీ మొదలుపెడితే పోయే రోజు మాత్రం తిరిగి రాదు. గరుకంతా తీసేసి నున్నగా వదిలేద్దామనే ఆలోచనైతే అసలు పెట్టుకోకు. రాళ్ల దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. ఒక అభ్యంతరం మాత్రం నేనూ ఒప్పుకుంటాను: ఏళ్ల తరబడి కంకర రోడ్ల మీద తిరిగిన బండికి అసలు గరుకే అరిగిపోయి ఉంటుంది, దానికి జోడీ కుదర్చడం ఎవరి తరమూ కాదు. అలాంటప్పుడు దెబ్బ జానెడే ఉన్నా ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా మొత్తం కొట్టడమే న్యాయం. ఖర్చు పెరుగుతుందని కస్టమరుకు ముందే చెప్పు.

కొత్త బండికి మాత్రం అంత అవసరం రాదు. అయితే కోటింగ్‌ను టేపు గీత దగ్గర నిలువుగా ఆపకు, అక్కడ గట్టు లేస్తుంది. మాస్కింగ్ పేపర్‌ను వెనక్కి మడిచి, అంచు పలచబడేలా కొట్టు. క్లియర్‌ను మాత్రం సగంలో ఆపకుండా బోర్డు చివరిదాకా తీసుకెళ్లు. తారు కలిసిన అండర్‌బాడీ డబ్బా చవగ్గా వస్తుందని దాని మీద రంగు వేసేవు, తారు పైకి ఊరి మరకలు తేలతాయి. పైన రంగు వేయడానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకో. గన్ పట్టే ముందు బోర్డు కింది నీళ్ల రంధ్రాలకు బిరడాలు పెట్టు, పని కాగానే తీసెయ్. అవి పూడుకుపోతే నీరు లోపలే నిలిచి, బయట ఎంత బాగా కలిపినా రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది.

మీ మావయ్య