డప్పు చేసేవారిని ఏమని పిలవాలి?

పిల్లలూ! మట్టితో కుండ చేసేవాడు కుమ్మరి. ఇనుము సాగగొట్టేవాడు కమ్మరి. మగ్గం మీద బట్ట నేసేవాడు నేతగాడు. మరి డప్పు చేసేవారిని, చిరిగిన డప్పుకు కొత్త తోలు వేసేవారిని ఏమంటారు? పుస్తకం పక్కన పెట్టి ఒక నిమిషం ఆలోచించండి.

నాకూ వెంటనే మాట దొరకలేదు. మా బడి శంషాబాద్ పక్కన ఒక పల్లెలో ఉంది. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి పైలట్, మెకానిక్, లోడర్ అన్న పేర్లు మా పిల్లలకు కంఠోపాఠం. ఒకరోజు దరఖాస్తులు నింపుతూ ఒక అబ్బాయిని "మీ నాయన ఏం పని చేస్తాడు?" అని అడిగాను. "డప్పులు చేస్తడు సార్" అన్నాడు. 'వృత్తి' అన్న గడిలో నేను 'కూలి' అని రాసేశాను. వాడు కాగితం వంక చూసి, "కూలి కాదు సార్, డప్పులు" అన్నాడు మెల్లగా. ఆ ఆదివారమే వాళ్ళింటికి వెళ్ళాను.

అక్కడ చూసింది చెబుతాను. వేపచెక్క ముక్కలను గుండ్రంగా అమర్చిన చట్రం ఉంది. దాన్ని పలక అంటారు. నానబెట్టి, వెంట్రుకలు తీసిన మేకతోలును పలక మీద పరచి, అంచుకు చింతగింజల జిగురు పూసి, చుట్టూ లాగి బిగించాడు. తడి తోలే ఎందుకు? తోలులో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే ప్రోటీను. నీరు పీల్చినప్పుడు దాని పోగులు మెత్తబడి సాగుతాయి. ఆరేకొద్దీ ముడుచుకుంటాయి. పలక కదలదు గనుక తోలు బిగుసుకుంటుంది. తడిమీద మరీ లాగితే ఆరాక చిరుగుతుంది, వదులుగా వదిలితే 'దబ్'మంటుంది. ఎంత లాగాలన్నది అతని వేళ్ళకు తెలుసు, కొలబద్ద ఏదీ లేదు.

మీ పాఠంలో ఉన్నదే ఇది. తోలు తన్యత నాలుగు రెట్లయితే పౌనఃపున్యం రెండు రెట్లవుతుంది. తోలు బరువెక్కితే పౌనఃపున్యం తగ్గుతుంది. ఆషాఢంలో బోనాల నాడు గాలిలోని తేమకు తోలు సాగి, బరువెక్కి, మోత చప్పబడుతుంది. అందుకే వాయించేవారు గడ్డిమంట వేసి డప్పును కాస్తారు. అది చలి కాచుకోవడం కాదు, శ్రుతి చేయడం! తర్వాత కుడిచేతి సిర్రతో, ఎడమచేతి చిటికెన పుల్లతో కొట్టి చూసుకుంటారు.

మృదంగం సంగతి ఇంకా విచిత్రం. మామూలు గుండ్రటి పొరను కొడితే వచ్చే ధ్వనుల పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30 నిష్పత్తిలో ఉంటాయి. ఇవి పూర్ణాంకాలు కావు గనుక వీణ తీగలో వినిపించే ఇంపైన స్వరం రాదు. మృదంగం కుడి మూత నడుమ నల్లటి ఖనిజపు పొడిని ఉడికిన అన్నంతో నూరి పొరలు పొరలుగా అద్దుతారు. ఆ బరువు వల్ల నిష్పత్తులు దాదాపు 1, 2, 3, 4, 5కు వచ్చేస్తాయి. సి.వి. రామన్ ఈ సంగతిని శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు, 1934లో మరింత వివరంగా రాశారు. కాని పొర ఎంత మందంగా, ఎంతవరకు వేయాలో తట్టి తట్టి, విని విని కనిపెట్టినవారు రామన్ కంటే ఎన్నో తరాల ముందువారు. వారి పేర్లు మనకు చేరలేదు.

ఇక పేరు విషయానికి వద్దాం. ఊళ్ళో ఈ పని చేసేవారిని కులం పేరుతోనే పిలుస్తూ వచ్చారు. కులం పేరు పుట్టుక చెబుతుంది గాని పనితనం చెప్పదు. ఆ కులంలో పుట్టి డప్పు ముట్టనివారు ఎందరో ఉన్నారు. ఫ్రెంచివారి 'లూథియే' అన్న మాట తంత్రీవాద్యాలు చేసేవారికే చెల్లింది, డప్పులవారికి అక్కడా చోటు లేదు. 2023లో మన కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు చేర్చారు. వడ్రంగి, కుమ్మరి, బొమ్మలు చేసేవారు, దండలు కట్టేవారు అందులో ఉన్నారు. వాద్యాలు చేసేవారు లేరు. ఇది నాకు బాగా అనిపించలేదు. అయితే అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి 2008 వృత్తుల పట్టికలో 7312 అన్న సంఖ్య కింద 'సంగీత వాద్యాలు తయారుచేసేవారు, శ్రుతి చేసేవారు' అని స్పష్టంగా ఉంది. మంట దగ్గర డప్పు కాచేవారు కూడా ఆ రెండో మాటలోకి వస్తారు, చూశారా!

'వాద్యశిల్పి' అంటే ఎలా ఉంటుందని ఆ అబ్బాయి తండ్రినే అడిగాను. ఆయన నవ్వాడు. "గోడ కట్టేటోన్ని మేస్త్రి అంటరు, బట్టలు కుట్టేటోన్ని మేస్త్రి అంటరు. నన్నెందుకు అనరు సార్?" అన్నాడు.

సోమవారం ఆ దరఖాస్తు తీసి 'కూలి' కొట్టేసి, 'డప్పు మేస్త్రి, వాద్యాల తయారీ' అని రాశాను. దిద్దిన చోట సంతకం పెట్టాలి కదా, అదీ పెట్టాను.