గన్నవరం పోటీ పరీక్షల అభ్యర్థులకు: మత స్వేచ్ఛ (అధికరణలు 25–28)

25: అంతరాత్మ స్వేచ్ఛ, మతావలంబన, ఆచరణ, ప్రచారం. విదేశీయులకూ వర్తిస్తుంది. పరిమితులు: ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, 3వ భాగంలోని ఇతర నిబంధనలు. 26 మత శాఖలది. దానికి మొదటి మూడు పరిమితులే. ఈ తేడా తప్పక చదవండి. 27: ఒక మత పోషణకు పన్ను కట్టమని బలవంతపెట్టరాదు. 28: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ నిషేధం.

‘సెక్యులర్’: 42వ సవరణ, 1976. మౌలిక స్వరూపంలో భాగం: బొమ్మై కేసు, 1994. ప్రచార హక్కులో మతం మార్చే హక్కు లేదు: స్టానిస్లాస్ కేసు, 1977.

మన ప్రాంత కోణం: అంతరాత్మ స్వేచ్ఛలో నమ్మకపోయే స్వేచ్ఛా ఉంది. గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో విజయవాడకు మారింది. గన్నవరం నుంచి బస్సులో వెళ్తే బెంజ్ సర్కిల్ దగ్గరే. మూడో షెడ్యూలు ప్రమాణాల్లోనూ దైవసాక్షిగా, ఆత్మసాక్షిగా అని రెండు దారులున్నాయి. రాజ్యాంగ పీఠికను దైవనామంతో మొదలుపెట్టాలని రాజ్యాంగ సభలో కామత్ తెచ్చిన సవరణ 1949 అక్టోబరు 17న 41–68తో వీగిపోయింది. మంచి ప్రశ్న ఇది!

ఇక ఆలయాల నిర్వహణ: విజయవాడ ఇంద్రకీలాద్రి దుర్గ గుడి పాలన దేవదాయ చట్టం 30/1987 కింద. ఆ చట్టం చేసిన వంశపారంపర్య అర్చకత్వ రద్దును సుప్రీంకోర్టు సమర్థించింది: నారాయణ దీక్షితులు కేసు, 1996.

విదేశాలు: అమెరికా మొదటి సవరణ, 1791; శ్రీలంక 9వ అధికరణలో బౌద్ధానికి అగ్రస్థానం; నేపాల్ 2015 రాజ్యాంగం ప్రకారం సెక్యులర్.

25, 26 మూలపాఠం ఒక్కసారైనా చదవండి, గైడు చాలదు.