సింగరేణి కార్మికుల బోనస్: తరచూ అడిగే ప్రశ్నలు

భూపాలపల్లి గనుల్లో మూడు వేర్వేరు చెల్లింపులను ‘బోనస్’ అనే పిలుస్తారు. మూడింటి హక్కులూ వేరు కాబట్టి అడిగేటప్పుడు దేని పేరు దానికే చెప్పాలి.

1. ఆ మూడు చెల్లింపులు ఏవి?

*చట్టబద్ధ బోనస్:* 2019 వేతనాల కోడ్ ఇచ్చిన హక్కు. కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అంతకు ముందు 1965 బోనస్ చెల్లింపు చట్టం ఉండేది.

*దీపావళి బోనస్:* బొగ్గు కంపెనీలకు, కార్మిక సంఘాలకు కుదిరే ఒప్పందం ప్రకారం ఇచ్చే పనితీరు ఆధారిత ప్రోత్సాహకం (పీఎల్‌ఆర్). 2024లో ఇది 93,750 రూపాయలు. హాజరు (మస్టర్లు) తగ్గితే మొత్తం తగ్గుతుంది.

*లాభాల వాటా:* రాష్ట్ర ప్రభుత్వం ఏటా ప్రకటించే శాతం. 2023-24కు విస్తరణ నిధులు పోగా మిగిలిన 2,412 కోట్లపై 33 శాతం, అంటే 796 కోట్లు ఇచ్చారు.

2. కాంట్రాక్టు కార్మికులకు ఏది వర్తిస్తుంది?

అర్హత ఉంటే చట్టబద్ధ బోనస్ హక్కుగా వస్తుంది. 2023-24 లాభాల నుంచి ఇచ్చిన 5,000 రూపాయలు ప్రభుత్వ నిర్ణయం. దాన్ని చట్టబద్ధ బోనస్‌లో సర్దుకుంటామని కాంట్రాక్టర్ అంటే రాతపూర్వక ఆధారం అడగాలి.

3. చట్టబద్ధ బోనస్‌కు అర్హత ఏమిటి?

సంస్థలో 20 మంది లేదా అంతకు మించి పనిచేయాలి. కార్మికుడు ఆ లెక్కల సంవత్సరంలో కనీసం 30 రోజులు పనిచేసి ఉండాలి. వేతనం ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి దాటరాదు. 1965 చట్టంలో అది నెలకు 21,000 రూపాయలు. కోడ్ కింద ప్రస్తుత నోటిఫికేషన్ చూసుకోవాలి.

4. ఎంత రావాలి?

లాభం లేకపోయినా కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం. లెక్కకు ఆధారం నెలకు 7,000 రూపాయలైతే, ఏడాదంతా పనిచేసినవారికి కనీసం 6,997 రూపాయలు. కనీస వేతనం 7,000 దాటితే దాని మీదే లెక్కించాలన్నది 1965 చట్టం నియమం.

5. హక్కు ఎప్పుడు పోతుంది?

మోసం, పని స్థలంలో హింస, దొంగతనం, నిధుల దుర్వినియోగం, విధ్వంసం కారణంగా డిస్మిస్ అయితే పోతుంది. లైంగిక వేధింపుల కేసులో శిక్ష పడినా అంతే. కేవలం సస్పెన్షన్‌తో పోదు.

6. గడువు ఎప్పటికి?

లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోగా. మార్చి 31తో ముగిస్తే నవంబరు 30 నాటికి బ్యాంకు ఖాతాలో పడాలి.

7. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే?

కోడ్ 43వ సెక్షన్ ప్రకారం బాధ్యత సంస్థ యజమానిపై పడుతుంది. ముందు కాంట్రాక్టర్‌ను, యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోవాలి. తర్వాత 45వ సెక్షన్ కింద కార్మికుడు గానీ, రిజిస్టరైన యూనియన్ గానీ మూడేళ్లలోగా దరఖాస్తు చేయవచ్చు. కోడ్‌కు ముందే బకాయి పడితే 1965 చట్టంలోని ఏడాది గడువే వర్తిస్తుందనుకుని త్వరపడాలి.

8. జనగామ, మహబూబాబాద్ నుంచి గనికి వచ్చేవారు ఎక్కడ అడగాలి?

గనులు కేంద్ర ప్రభుత్వ పరిధి. సొంత జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో కాక, కేంద్ర కార్మిక కమిషనర్ యంత్రాంగం వద్దే అడగాలి. ప్రైవేటు రైసుమిల్లులో పనిచేసేవారికి మాత్రం రాష్ట్ర కార్మిక శాఖ.

వేతన చీటీలు, మస్టర్ వివరాలు, బ్యాంకు పాసుపుస్తకం భద్రపరచండి. గడువు దాటకముందే, రాతపూర్వకంగానే అడగండి.