పాట వెంట పాదములు

పఠన భాగము: లూకా 3:10–14

ఐరోపాలో 1582లో అచ్చయిన పాత వసంతగీతపు బాణీకి జాన్ మేసన్ నీల్ 1853లో క్రొత్త మాటలు కూర్చెను. బీదవానికి ఆహారమును కట్టెలను తానే మోసికొనిపోయిన రాజు కథ అది. నేడది క్రిస్మస్ పాట.

సూరత్‌లో తెలంగాణమునుండి వలసవెళ్లిన అనేక కుటుంబములు మరమగ్గములపై జీవించుచున్నవి. మన జానపద బాణీలో క్రిస్మస్ పాట పాడి, అట్టి బీదలకై కానుకలు పోగుచేయుట మంచిదే. అయితే కానుక పంపి మనము ఇంటనే నిలిచిపోవుదుమా? రెండంగీలలో ఒకటి పంచుమన్న యోహానే, న్యాయమునకు మించి తీసికొనవద్దనియు బోధించెను. దానమునకు న్యాయము తోడు కావలెను. బట్ట నేయువాని బిడ్డకు బట్ట లేనప్పుడు, పొత్తిగుడ్డలలోని శిశువును గూర్చి మనమెట్లు పాడగలము?

ప్రార్థన: ప్రభువా, మా పాట వెంట మా పాదములను నడిపించుము. ఆమేన్.