బెట్ట తగిలిన విత్తనం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మెట్టల మీద, గరువుల్లో వేరుశనగ వేస్తారు. అక్కడ వానే ఆధారం. వచ్చే ఏటికి విత్తనం కాయ ఏరి దాచేది, ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్లే.

2002 జూలైలో దేశం మొత్తం మీద వానలు సుమారు సగమే పడ్డాయి. అలాంటి ఏడు పండిన కాయను విత్తనానికి ఉంచుకుంటే మొలుస్తుందా?

పూత తర్వాత ఊడలు భూమిలోకి దిగుతాయి. ఊడ చివరే కాయ అవుతుంది. అప్పుడు వాన మొఖం చాటేస్తే నేల గట్టిపడుతుంది. ఊడలు దిగలేవు. దిగినవాటిలోనూ గింజ నిండదు, ముడతలు పడుతుంది. అది కంటికి తెలిసే నష్టం. తాలు కాయలు చేటలో చెరిగితే పోతాయి.

కంటికి తెలియని నష్టమే ఎక్కువ మోసం చేస్తుంది. గింజకు కాల్షియం కావాలి. వేర్లు పీల్చిన కాల్షియం ఆకులకు పోతుంది గాని, భూమిలోని కాయకు సరిగా చేరదు. కాయే తన చుట్టూ ఉన్న మట్టి నుంచి పీల్చుకోవాలి. మట్టిలో తడి లేకపోతే ఎకరానికి 200 కిలోల జిప్సం వేసినా కరగదు, కాయకు అందదు. అలాంటి గింజ పైకి బాగానే ఉండొచ్చు. బద్దలు విప్పి చూస్తే లోపలి మొలక నల్లబడి ఉంటుంది.

చివరి రోజుల్లో బెట్ట తగిలితే గింజకు పచ్చబూజు కూడా పడుతుంది. అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. వేయించినా అది పూర్తిగా పోదు. విత్తనానికి పనికిరాలేదని ఆ గింజలు పిల్లలకు పెట్టకూడదు.

మొలక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. 100 గింజలు లెక్కపెట్టాలి. మంచివే ఏరితే లెక్క తప్పుతుంది. తడిపి పిండిన గోనెపట్టా మీద వరసగా పేర్చి, చుట్టి, నీడలో పెట్టాలి. రోజూ కాసిని నీళ్లు చిలకరించాలి. నీళ్లు కారేటట్టు పోస్తే కుళ్లిపోతాయి. పదో రోజున విప్పి, బాగా మొలిచినవి లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకోవాలి.

ధృవీకరించిన వేరుశనగ విత్తనంలో నూటికి కనీసం 70 మొలవాలని నియమం. 50 మాత్రమే మొలిస్తే? గింజలు ఎక్కువ వేసి సరిపెడదామని కొందరు అనుకుంటారు. కానీ సగమే మొలిచే విత్తనంలో మొలిచిన మొక్కకూ బలం తక్కువ. ఎకరానికి 60 కిలోల పప్పు వేస్తే 30 కిలోలు మట్టిపాలే. వేరే విత్తనం చూసుకోవడమే నయం.

జూన్ వానలకు విత్తాలంటే మే నెలలోనే ఈ పరీక్ష చేయాలి. వాన పడ్డాక చేస్తే వేరే విత్తనం తెచ్చుకోడానికి వ్యవధి ఉండదు.