శుక్రవారం రాసుకునే పేజీ

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన మొదటి రెండు మూడేళ్లలో మనం తెలుసుకునేది చాలా ఎక్కువ, మనకు మిగిలేది చాలా తక్కువ. అర్ధరాత్రి దాకా కూర్చుని విప్పిన చిక్కుముడి మూడు నెలల తర్వాత మళ్లీ ఎదురైతే మొదటినుంచీ వెతుక్కుంటాం. అప్పుడు జవాబు ఎక్కడ దొరికిందో కూడా గుర్తుండదు. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లకైనా, పెద్ద కాలేజీ నుంచి వచ్చినవాళ్లకైనా ఇది తప్పదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల కూర్పులను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. మొదటి కొన్ని గంటల్లోనే మరపు వేగంగా ఉంటుందనీ, అదే విషయాన్ని మళ్లీ నేర్చుకున్న ప్రతిసారీ శ్రమ తగ్గుతుందనీ ఆయన గమనించాడు.

అందుకే నేను వారానికి ఒక పేజీ రాసుకుంటాను. శుక్రవారం సాయంత్రం, ఆ వారం పనంతా ఇంకా కళ్లముందు ఉన్నప్పుడే, లాప్‌టాప్ మూసే ముందు.

"మా టీమ్‌లో రెట్రో ఉందిగా, మళ్లీ ఇదెందుకు?" అని తోటివాళ్లు అడుగుతుంటారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని ఎజైల్ మ్యానిఫెస్టో రాశారు. దాని వెంట ఉన్న 12 సూత్రాలలో చివరిది ఇదే: టీమ్ క్రమం తప్పకుండా ఆగి, తన పనితీరును తానే పరిశీలించుకుని సరిదిద్దుకోవాలి. మంచి సూత్రం, దాన్ని పాటించే సమావేశమే రెట్రో. కానీ రెట్రోలో మాట్లాడేది టీమ్ గురించి, స్ప్రింట్ గురించి, ఆలస్యమైన టికెట్ల గురించి. ఈ వారం మీకు ఏం అర్థమైంది, ఏది అర్థం కాకుండానే దాటేశారు అని అక్కడ ఎవరూ అడగరు. అడగాల్సిన పని వాళ్లకు లేదు కూడా. అది మనల్ని మనమే అడుక్కోవాలి.

ఏం రాయాలన్నదే అసలు విషయం. చాలామంది మొదట్లో చేసిన పనుల జాబితా రాస్తారు. దాని కోసం టికెట్లు రాసే జిరా ఉంది, మనం మళ్లీ రాయనక్కర్లేదు. ఒక ఉదాహరణ చూడండి. రోజువారీ ఆర్డర్ల రిపోర్టులో అంకెలు తేడా వస్తున్నాయి. రెండు రోజులు వెతికి సరిచేశారు. "టైమ్‌జోన్ బగ్ ఫిక్స్ చేశాను" అని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత ఆ వాక్యం ఎందుకూ పనికిరాదు. ఇలా రాస్తే పనికొస్తుంది: "అర్ధరాత్రి నుంచి తెల్లవారి అయిదున్నర లోపు వచ్చిన ఆర్డర్లన్నీ ముందురోజు లెక్కలోకి పోతున్నాయి. డేటాబేస్‌లో సమయం యూటీసీలో ఉంది, మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. తేదీని విడగొట్టేటప్పుడు ఆ తేడా కలపలేదు. తప్పు క్వెరీలో ఉందనుకుని మొదటి రోజంతా అక్కడే వెతికాను. తేడా వచ్చిన ఆర్డర్ల సమయాలను ముందే వరుసగా చూసి ఉంటే గంటలో తేలేది." మొదటి మూడు వాక్యాలలో ఉన్నది జ్ఞానం. చివరి రెండింటిలో ఉన్నది ఆలోచించే పద్ధతి. ఎక్కువ కాలం అక్కరకొచ్చేది ఆ రెండోదే అని నా నమ్మకం. ఏమనుకున్నాం, ఏమని తేలింది, ఆ రెంటి మధ్య దూరం ఎందుకొచ్చింది అన్నవి రాసుకుంటూ పోతే మన ఆలోచన తరచూ ఎక్కడ పక్కదారి పడుతుందో కొన్నాళ్లకు కనిపిస్తుంది.

ఇలా తప్పులను రాసుకోవడం పెద్దవాళ్లు చేసిన పనే. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ టెక్ అనే అక్షర కూర్పు ప్రోగ్రాం రాస్తూ, అందులో చేసిన ప్రతి మార్పునూ, దొరికిన ప్రతి తప్పునూ పదేళ్లపాటు చిట్టాలో రాసుకున్నాడు. అవి 850కి పైగా ఉన్నాయి. వాటిని 15 రకాలుగా విడదీసి 1989లో వ్యాసంగా ప్రచురించాడు. అల్గారిదమ్ తప్పినవి, మరచిపోయినవి, పొరపాటున టైప్ చేసినవి, అన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచం గురువుగా చూసే మనిషి తన తప్పులను దాచలేదు, విసుక్కోలేదు, వరుసపెట్టి చదువుకున్నాడు. ఆ నిబ్బరం మనకు కావాలి. కోడ్ రివ్యూలో నాలుగు కామెంట్లు వస్తే మొహం మాడ్చుకునే వయసులో ఉన్నవాళ్లకు మరీ కావాలి.

ఇప్పుడు ఆ పేజీలో కొత్తగా ఇంకో వరుస చేర్చుకోవాల్సి వస్తోంది. ఏఐ అడిగిన క్షణంలో కోడ్ రాసిస్తోంది. అది నడుస్తుంది, టెస్టులు పాసవుతాయి, పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అవుతుంది. అందులో మనకు తెలిసి రాసిందెంత, తెలియకుండా అంటించిందెంత? వారం చివర నిజాయితీగా రాసుకోండి. అర్థంకాని వాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని, వచ్చే వారం దాని లోపలేం జరుగుతోందో తెలుసుకుంటే చాలు. ఆ సాధనాలను వాడొద్దని నేను అనను. ప్రొడక్షన్‌లో ఆ కోడ్ కూలినప్పుడు జవాబు చెప్పాల్సింది మనమే కాబట్టి అర్థం చేసుకునే బాధ్యతా మనదే అంటాను.

వారానికి ఒక్కటి అన్న ఇలాంటి పద్ధతినే అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో చెప్పాడు. 13 మంచి గుణాలు ఎంచుకుని, వారానికి ఒక్కదాని మీదే ప్రత్యేకంగా దృష్టి పెట్టి, తప్పిన రోజున చిన్న పుస్తకంలో చుక్క పెట్టుకునేవాడు. 13 వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు. వారానికి ఒక్కటే అన్న ఆ హద్దు నాకు నచ్చింది. కుబర్నెటీస్, సిస్టం డిజైన్, కొత్త భాష అన్నీ ఒకేసారి మొదలుపెట్టి ఏదీ పూర్తిచేయని యువతకు ఇంతకంటే మంచి మందు లేదు.

పేజీలో కొంత చోటు ఆఫీసు బయటి జీవితానికి కూడా ఉంచాలి. నిద్ర ఎలా ఉంది, అమ్మానాన్నలతో తీరిగ్గా మాట్లాడామా, కాస్తయినా నడిచామా అన్నవి. వీటికీ కోడ్‌కీ సంబంధం లేదనుకుంటాం. అమెరికా వాళ్లతో రాత్రి కాల్స్ ఎక్కువైన వారాల్లోనే రివ్యూలో తప్పులూ ఎక్కువ దొరికాయని మీ పేజీలే మీకు చూపించవచ్చు. అప్పుడు మీ లీడ్ దగ్గరకు వెళ్లి "సర్, రాత్రి కాల్ ఉన్న మర్నాడు నేను గంట ఆలస్యంగా మొదలుపెడతాను" అని అడగడానికి ఆధారం ఉంటుంది. ఊరికే అలసిపోయానని చెప్పడం వేరు, ఇలా చెప్పడం వేరు.

ఒక జాగ్రత్త. ఇది మీ సొంత నోట్‌బుక్. కంపెనీ కోడ్, పాస్‌వర్డులు, క్లయింట్ల వివరాలు ఇందులోకి రానివ్వకండి. నేర్చుకున్న సూత్రం మీది, ఆ సమాచారం కంపెనీది.

కొన్ని వారాలు తప్పుతాయి. తప్పిన వారాన్ని పూరించాలని ప్రయత్నించకుండా తర్వాతి శుక్రవారం కొత్త పేజీ తీయండి. ఖరీదైన డైరీ, యాప్ ఏవీ అక్కర్లేదు, పది రూపాయల నోట్‌బుక్ చాలు. ఈ వారం మీరు ఏమనుకున్నారు, ఏమని తేలింది అన్న రెండు ప్రశ్నలతో ఈ శుక్రవారమే మొదలుపెట్టండి.